అమ్మ తుంటిని గుంజనియ్యకు

నాన్నా,

అమ్మ తుంటి మీద వేడినీళ్ల సంచి కాసేపు ఉంచాక వ్యాయామాలు నువ్వే చేయించాలి. వెల్లకిలా పడుకుని, మడమను మంచం మీదే జరుపుతూ మోకాలు మెల్లగా మడవాలి, చాపాలి. మోకాళ్ల మధ్య మడిచిన తువాలు పెట్టి నొక్కాలి. తలుపు పట్టుకుని నిలబడి కాలు కొద్దిగా వెనక్కి లేపాలి. పోటు పెరిగితే అక్కడే ఆపెయ్యి.

నాకు డ్యూటీ ఉంది, ఆగలేను. సాయంత్రం నువ్వు అమ్మను రెజిమెంటల్ బజార్‌లో ఎముకలు సరిచేసే పహిల్వాన్ దగ్గరికి తీసుకుపోతున్నావని పక్కింటి అజ్మత్ చెప్పాడు. "లాలాగూడ రైల్వే వర్క్‌షాపుల జామైన బోల్టులు ఎన్ని ఇప్పలే? ఒక్క గుంజుడు గుంజితే తుంటి సుత దారిల పడ్తది" అని నిన్న నువ్వంటే పరాచికమనుకున్నాను. అమ్మ బయటికి కట్టే చీర తీసిపెట్టుకుంది. నువ్వు రమ్మంటే ఆమె కాదనదు.

తుంటి జాం కాలేదు నాన్నా, అరిగింది. అరిగిన బేరింగ్ మీద నువ్వు సుత్తి వేస్తావా?

వసుధ

తా.క. నా ఫిజియోథెరపీ చదువు మీద నమ్మకం లేకపోతే పోనీ. అజ్మత్ వాళ్లమ్మ ఖాసింబీ కూడా ఆ పహిల్వాన్ దగ్గరికి నడిచే వెళ్లింది. తిరిగి మోసుకొచ్చారు, అప్పట్నుంచి మంచం దిగలేదు. ఆమె చెప్పులు వాకిట్లో ఇంకా దుమ్ము పట్టి ఉన్నాయి. ఆటో పిలిచే ముందు ఒక్కసారి ఆమెను యాద్ చేసుకో.