ఈ పోగు ఎవరికి?

కాజిల్‌బార్,
మంగళవారం.

చిరంజీవి నవీనకి అక్క ఆశీస్సులు.

ఇక్కడ నేనూ మీ బావా పిల్లాడూ బాగానే ఉన్నాం. నీ ఆరోగ్యానికేం ఢోకా లేదని నీ ఉత్తరం చూడగానే తెలిసింది. నాలుగు పేజీలు ఆగకుండా తిట్టాలంటే ఒంట్లో సత్తువ ఉండాలి కదా! అక్కని వాట్సాప్‌లో బ్లాక్ చేసి, స్టాంపు అంటించి మరీ తిట్లు పంపినదానివి ఈ ఐర్లండ్ మొత్తంలో నువ్వొక్కదానివే అయ్యుంటావు. సరే, నేనూ పోస్టులోనే పంపుతున్నాను. ఫోన్లో అయితే మధ్యలో పెట్టేస్తావు. ఇది మాత్రం చివరిదాకా చదువు.

ముందు నీ ప్రశ్నలు. నీ తెల్ల చున్నీకి మరకలు పోలేదు. కుంకుమ నీళ్ళలో బీట్‌రూట్ రసం కలిపి నెత్తురు చేయమని నీకెవరు చెప్పారే తల్లీ? రెండుసార్లు నానబెడితే గులాబీ రంగుకి దిగింది. రెండోది, అమ్మకి నేను చెప్పలేదు. ఆ వీడియో గుంటూరు చేరడానికి రెండు గంటలు కూడా పట్టలేదు. "అదేంటే, దాన్ని అలా నేల మీద పడుకోనిచ్చావు? చలి వెయ్యదూ?" అని అమ్మే నాకు అక్షింతలు వేసింది. మూడోది, పోలీసులకి, అదే ఈ గార్డులకి, ఫోన్ చేసిందెవరు, హాల్లోకి చొరబడ్డావని వాళ్ళెందుకు రాసుకున్నారు, జూలైలో నీ రెసిడెన్స్ కార్డు రెన్యువల్‌కి అది అడ్డమొస్తుందా అని అడిగావు. దానికి తర్వాత వస్తాను. ముందు నా కోపం విను.

రెండేళ్ళు, నవీనా! జూన్ పిక్నిక్‌లో ఒక్క పూట మాంసం లేకుండా భోజనాలు పెట్టిద్దామని ఇల్లిల్లూ తిరిగాను. ఎవరి దగ్గరా పాపం అనలేదు, హింస అనలేదు. హాస్పిటల్ నుంచి రాగానే డబ్బా పనసకాయతో బిరియానీ వండి మోసుకెళ్ళేదాన్ని. అందరూ బాగుందన్నారు. అంత బాగుండదని నాకూ తెలుసు, మొహమాటం కొద్దీ తిన్నారు. అయినా ముప్పై ఒక్క కుటుంబాల్లో పందొమ్మిది సరేనన్నాయి. మన అసోసియేషన్ ప్రెసిడెంటు మధుసూదనరావు అంకుల్ కూడా "నీకోసం ఒక పూట గడ్డి తింటాలేమ్మా" అన్నారు. ఇంకో వారంలో చేతులెత్తి తేల్చాలి. అప్పుడు దిగావు నువ్వు కార్క్ నుంచి!

పోగులు వేసే ఆదివారం నిన్ను పిలిచింది నేనే. ఆ బుద్ధితక్కువ నాదే. పదకొండు ఇళ్ళవాళ్ళు కలిసి మేకని కొన్నారు, మీ బావ వాటాతో సహా. హాలు వెనక నీలం పట్టా పరిచి మాంసం పదకొండు పోగులు పెట్టారు. మధుసూదనరావు అంకుల్ గోడవైపు తిరిగి నిలబడ్డారు. జయకుమార్ కర్రతో ఒక్కో పోగునీ చూపించి "ఇదెవరికి?" అంటుంటే, ఆయన చూడకుండా ఒక్కో పేరే చెబుతున్నారు. ఎవరికీ ఎక్కువా తక్కువా అన్న గొడవ లేకుండా ఊళ్ళో ఎలా పంచుకుంటారో అలాగే. నేను అటు తిరిగి బిరియానీ డబ్బాలు సర్దుతున్నాను. నువ్వు బాత్రూమ్‌కని వెళ్ళి, ఎర్రనీళ్ళు పోసుకుని, "నవీన, 24 ఏళ్ళు, ఎముకలతో" అని చీటీ అంటించుకుని వచ్చి ఆ పోగుల మధ్య పడుకున్నావు.

జయకుమార్ చెయ్యి అలవాటుగా నీ మీదికి వచ్చేసింది. "ఇదెవరికి?" అని నోరు అనేశాక గానీ కళ్ళు చూడలేదు. గోడవైపు తిరిగిన పెద్దమనిషి ఠక్కున "ఆమని డాక్టరమ్మకి!" అన్నారు.

అలా నా వాటాకి వచ్చావు.

ఆ తర్వాత గోల నీకు తెలియంది కాదు. "అక్కా, గిదేంది? మీ చెల్లెకు మతి గిట్ట పోయిందా?" అని జయకుమార్. "పిల్లలు తిరిగేచోట ఇదేం పాడు పనమ్మా!" అని అంకుల్. పిల్లల్లో సగంమంది ఏడుపు, సగంమంది భలే ఉందని "దిస్ ఈజ్ క్లాస్!" అంటూ వీడియోలు.

నీ ఉత్తరంలో పెద్ద లాయరులా అడిగావు, "నీ బిరియానీని ఎంతమంది చూశారక్కా? నన్ను నలభై వేలమంది చూశారు" అని. చూశారమ్మా. కింద ఏం రాశారో చదివావా? ఒకావిడ మటన్ వేపుడు ఎలా చెయ్యాలో రాసింది, దానికి మూడు వందల లైకులు! మొన్న ఆదివారం చేతులెత్తమంటే రెండే లేచాయి, ఒకటి నాది. నా పందొమ్మిది ఇళ్ళలో ఒక్కటీ మిగల్లేదు. ఈసారి పిక్నిక్కి పంతం కొద్దీ రెండు మేకలు చెప్పారు. నువ్వు నేల మీద పడుకుని సాధించింది ఇంకో మేక ప్రాణం! ఆ జీవాల మీద నాకూ నీకున్నంత జాలి ఉంది. కాకపోతే నేను దానికి చీటీ అంటించుకోను.

రెండో చెయ్యి ఎవరిదో కూడా చెప్పాలి, దాస్తే అన్యాయం. విమల ఆంటీది. రెండేళ్ళలో ఆవిడ ఇంటి గడప నేనసలు తొక్కనేలేదు. ఆవిడ లేనిదే మటన్ కూర వండే దిక్కులేదిక్కడ, ఆవిడతో పెట్టుకోవడం వృథా అనుకున్నాను. "ఆ పిల్ల పక్కనున్న పోగే నాకొచ్చింది. సంచీలో వేసుకోవాలంటే చేతులు రాలేదే" అన్నారు. నువ్వు పందొమ్మిది ఇళ్ళు పోగొట్టి ఒక్క మనిషిని తెచ్చావు. ఆ ఒక్క మనిషి నా వల్ల అయ్యేది కాదు. దీన్నేమనాలో తెలియక ఇంకా మండిపడుతున్నాను.

ఇక మూడో ప్రశ్న. గార్డులకి ఫోన్ చేసింది జయకుమారే అయ్యుంటాడని రాశావు. పాపం, అతను ఆసాంతం అట్టముక్కతో ఈగలు తోలుతూ నిలబడ్డాడు.

ఫోన్ చేసింది నేను.

నిన్ను లేవమని మూడుసార్లు బతిమాలాను. నువ్వు కళ్ళు తెరవలేదు. వెనకనుంచి ఎవరో "డాక్టరమ్మ వాటా లేవనంటోంది" అంటే అందరూ నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. హాలు వంటగదిలోకి వెళ్ళి, గిన్నెలుండే అలమారా పక్కన నిలబడి చేశాను. "ఆ అమ్మాయి మీకు తెలుసా?" అని అడిగారు. "తెలియదు, ఎవరో చొరబడింది" అన్నాను. ఆ మాట అన్నది నేనే, ఈ నోటితోనే. వాళ్ళు వచ్చి నీ కార్డు నెంబరు రాసుకుంటుంటే కూడా బిరియానీ డబ్బాలు సర్దుతూ నిలబడ్డాను. మేకకి ప్రాణముందని ఊరందరికీ చెప్పే మనిషిని, సొంత చెల్లెల్ని ఎవరోనన్నాను. సిగ్గుగా ఉంది నవీనా.

నిన్న డ్యూటీ దిగి నేరుగా స్టేషన్‌కి వెళ్ళాను. ఆ రోజు అబద్ధం చెప్పాననీ, నిన్ను పిలిచింది, బస్సు దగ్గర్నుంచి కార్లో తెచ్చింది నేనేననీ చెప్పాను. "ఆవిడ మీకేమవుతుంది?" అని అడిగాడు గార్డు. "చెల్లెలు" అన్నాను. పెన్ను ఆపి నా వంక చూశాడు. "మీ చెల్లెలు నేల మీద పడుకుందని మాకు ఫోన్ చేశారా డాక్టర్?" అవునన్నాను. సరేనన్నట్టు "గ్రాండ్" అన్నాడు, అన్నీ మళ్ళీ రాయించి సంతకం పెట్టించుకున్నాడు. చొరబాటు మాట కొట్టేశాడు. తమవైపు నుంచి ఇంతటితో అయిపోయిందన్నాడు. ఆ కాగితం నకలు ఇందులోనే పెట్టాను. రెన్యువల్‌లో ఎవరైనా అడిగితే చూపించు.

నువ్వు చేసింది తప్పేనని ఇప్పటికీ అంటాను. వచ్చే ఏడాదికి మళ్ళీ మొదటి ఇంటి నుంచి మొదలుపెట్టాలి నేను. అయినా పిక్నిక్‌కి రా. నాతో కూర్చుని పనసకాయ డబ్బాలు తెరుస్తావో, మళ్ళీ పట్టా మీద పడుకుంటావో నీ ఇష్టం. జయకుమార్ కర్ర చూపించి "ఇదెవరికి?" అంటే, గోడవైపు తిరిగిన ఆయన దాకా వెళ్ళనివ్వను. నేనే చెబుతాను.

ఇట్లు,
నీ అక్క,
ఆమని