శుక్రవారం కూటం ఫొటో

మేరీ అక్కా,

నువ్వు ప్రభువు దగ్గరికి వెళ్ళి నేటికి ఏడాది. ఈ అరబ్బు దేశంలోని తెలుగువాళ్ళ చరిత్రను మా ఆసుపత్రి నర్సు సునీత ఇంటర్నెట్‌లో ఏళ్ళవారీగా పెడుతోంది. ఏ ఏడు నొక్కితే ఆ సంగతి తెరుచుకుంటుంది. స్థానికులకు ఉద్యోగాల కోటా పెట్టిన నితాఖత్, మనవాళ్ళ కుటుంబాల మీద వేసిన లెవీలు, ఖాళీ అయిన ఇళ్ళు, అన్నీ ఎక్కించింది. ఇక్కడ చర్చికి అనుమతి లేక ఖతీఫ్‌లో నీ గదిలో చాటుగా జరిగిన ప్రార్థన కూటం ఇవాళ పెట్టింది. ఫొటోలో అందరి ముఖాలూ, కింద వీధి పేరూ ఉన్నాయి.

చూడగానే సునీతతో అన్నాను: "తీసెయ్యమ్మా. ఇందులో ముగ్గురు ఇంకా ఇక్కడే పనిచేస్తున్నారు."

"చోటు, ఫొటో లేకపోతే సైట్ తీసుకోదాంటీ. రేపే దీన్ని అందరికీ తెరుస్తున్నాం. ఇలా భయపడితే చరిత్ర ఎలా రాస్తాం?"

"కూటం సంగతి బయటపడి వాళ్ళను పంపించేస్తే, పిల్లల ఫీజులు నీ చరిత్ర కడుతుందా?"

సునీత నవ్వబోయి ఆగింది. ఆ ఫొటో తీసేసి, చోటు దగ్గర 'తూర్పు తీరం' అని మార్చింది.

"మరి దాని బదులు ఇంకో ఫొటో కావాలిగా ఆంటీ?"

బయట చెప్పులు ఎవరైనా లెక్కపెడతారని నువ్వు అందరివీ గదిలోకి తెప్పించేదానివి కదా. ఒకసారి సరదాగా ఆ గుట్టను ఫొటో తీశాను. అదే ఇచ్చాను.

"ఏవి ఎవరివి ఆంటీ?" అని అడిగింది.

నీవి మాత్రం చూపించాను.

నీ చెల్లి,
రూతు