ప్యానెళ్లకు ఆదివారం సెలవు

మోస్రా, సోమవారం

దీవెన బిడ్డకు,

నిన్న ఆదివారం ఉదయం పదకొండు ఇరవైకి చర్చిలో మైకు ఆగిపోయింది. ఫ్యాన్లూ ఆగాయి. పాస్టరుగారు అప్పటికి ప్రసంగంలో సగానికి వచ్చారు. ఎండలు ముదిరి ఫ్యాన్లు వేయడం మొదలుపెట్టాక ఇదే మొదటి ఆదివారం.

ఊరవతల ఉన్న మన చర్చికి కరెంటు తీగ రాలేదు. రెండు నెలల కింద నువ్వూ మీ ఎలక్ట్రికల్ ఇంజనీరింగు క్లాసూ నిజామాబాదు నుంచి వచ్చి పైకప్పు మీద పెట్టిన సోలారు ప్యానెళ్లే ఆధారం. వాటి బాధ్యత స్టీవార్డుగా నాది. కమిటీలో జయరాజ్ లేచి, "మంచిగున్న జనరేటరును మూలకేసినం. శాంతన్నా, ఇంకో రెండు ఆదివారాలు సూస్తం. గప్పటికీ గిట్లనే ఉంటే నీ బిడ్డ అద్దాలు దించుడే" అన్నాడు. కమిటీ సరేనంది.

ఏం చేయాలో ఫోనులో చెప్పకు. కమిటీకి చదివి వినిపించాలి, కాగితం మీద రాయి.

నీ పెద్దబాపు,
శాంతి కుమార్

తా.క.: మైకు ఆగాక వెనక బెంచీలు నిశ్శబ్దంగా ఉన్నాయని పాస్టరుగారు మెచ్చుకున్నారు. నేను వెళ్లి చూశాను. నిద్రపోతున్నారు.

*

నిజామాబాదు, గురువారం

పెద్దబాపుకు వందనాలు.

ప్యానెళ్లను దించనివ్వకండి. పుస్తకం బయట మా క్లాసు నిలబెట్టిన మొదటి పని అది.

ప్యానెల్ ఎండను కరెంటుగా మారుస్తుంది. బ్యాటరీ దాచుకుంటుంది. మధ్యలో గోడకున్న కంట్రోలర్ పెట్టె కాపలా కాస్తుంది. బ్యాటరీ ఖాళీ అవుతుందనగానే మైకును ఆపేస్తుంది. అంటే పెట్టె తన పని తాను చేసింది. బ్యాటరీ ఎందుకు ఖాళీ అయిందన్నదే ప్రశ్న.

ప్యానెళ్ల మీద దుమ్ముంటే కడిగించండి. వేప కొమ్మ నీడ పడుతుంటే కొట్టించండి. శనివారం పాటల సాధనకు ఫ్యాన్లు వేయకండి. ఆదివారానికి ముందు దానికి కొంచెం విశ్రాంతి కావాలి.

ఇట్లు,
దీవెన

తా.క.: అవి అద్దాలు కావని జయరాజ్ మామకు చెప్పండి. వాటి ముందు నిలబడి తల దువ్వుకోవడం మానమనండి.

*

మోస్రా, సోమవారం

దీవెన బిడ్డకు,

నిన్న తొమ్మిది యాభైకే ఆగింది. ప్రసంగం దాకా రాలేదు, ప్రకటనలే పూర్తి కాలేదు.

నువ్వు రాసినవన్నీ చేశాం. ప్యానెళ్లు కడిగించాం, కొమ్మ కొట్టించాం, పాటల సాధన మానేశాం. విశ్రాంతి సంగతి నువ్వు చెప్పాలా? పెట్టిన వారం నుంచీ ప్రతి ఆదివారం తెల్లవారగానే నేనే నిచ్చెన ఎక్కి, బోధన్‌లో చెరకు లారీల మీద కప్పే నీలం తాడ్‌పత్రిని ప్యానెళ్ల మీద కప్పి కడుతున్నాను. మన ఇంట్లో ఆదివారం ఎద్దు మెడ మీద ఎవరూ కాడి పెట్టలేదు. ఆరు రోజులు ఎండలో పనిచేసే వాటికి ఒక్క రోజు నీడ ఇవ్వలేమా? నీ ఉత్తరం చూశాక ఇంకా ఎక్కువ విశ్రాంతి కావాలని శుక్రవారం నుంచే కప్పాను. శుక్రవారం ఉపవాస ప్రార్థనకు మైకు బాగానే పలికింది.

నీ పెద్దబాపు

తా.క.: మిగిలింది ఒక్క ఆదివారం. జయరాజ్ జనరేటరు తుడిచి డీజిల్ పోసి పెట్టాడు. దానికి తాడ్‌పత్రి కప్పలేదు.

*

నిజామాబాదు, బుధవారం

పెద్దబాపూ,

ముందు తాడ్‌పత్రి తీయండి. వందనాలు తర్వాత.

ప్యానెల్‌కు ఎండ పని కాదు, మేత. ఆదివారం మీరు ఎద్దుకు కాడి దించారు గానీ మూతి కట్టలేదు కదా. విశ్రాంతి అంటే కరెంటు తక్కువ వాడమని నా ఉద్దేశం.

మీ ఉత్తరం మా శ్రీవాణి మేడంకు చూపించాను. ప్యానెళ్లు ఎందుకు పనిచేయవో బోర్డు మీద రాసి ఉంది: దుమ్ము, నీడ, వదులు తీగ. మేడం కింద నాలుగోది చేర్చారు: దయ. క్లాసంతా నవ్వింది. మేడం నవ్వలేదు. "మెషీన్‌ను గింత మంచిగ చూసుకున్నోళ్లను నేను యాడ చూడలే" అన్నారు.

మీ దీవెన

తా.క.: మీ వయసుకు నిచ్చెన కూడా మానాలి. ఈ వాక్యం కమిటీలో తప్పకుండా చదవండి.

*

మోస్రా, సోమవారం

దీవెన బిడ్డకు,

నిన్న మైకు ఆగలేదు.

శనివారం కమిటీలో నీ ఉత్తరం చదివాను. ఆదివారం ప్యానెళ్లతో పని చేయించవచ్చా అని గంటసేపు వాదన జరిగింది. చివరికి యేసమ్మ అవ్వ లేచి నన్నే అడిగింది: "సూర్యుడు ఆదివారం ఎల్తుండా, లేదా? ఎల్తుండు. దేవుడే ఆపలే. నడుమ నువ్వెవడివిరా కప్పనీకె?" తాడ్‌పత్రి జయరాజే దించాడు. ఆరాధన మొత్తం పెట్టె ముందే కూర్చున్నాడు. "పొగ లేదు, సప్పుడు లేదు. పోరగాండ్లు మామూలోళ్లు కాదన్నా" అన్నాడు. జనరేటరు అమ్మేయాలని తీర్మానం కూడా అతనే పెట్టాడు.

ఇప్పుడు కష్టం వేరు. మైకు ఒకటిన్నర దాకా పనిచేసింది. పాస్టరుగారు కూడా. రెండు వారాల బాకీ ప్రసంగాలు కలిపి పూర్తి చేశారు. వండిన అన్నం చల్లారింది. కమిటీ ఏకగ్రీవంగా అడగమంది: ఇంతకన్నా చిన్న బ్యాటరీ దొరుకుతుందా?

నీ పెద్దబాపు

తా.క.: వచ్చే ఆదివారం తొమ్మిదికి శ్రీవాణి మేడం మీ క్లాసును ఇక్కడికి తెస్తున్నారని తెలిసి పాస్టరుగారు చాలా సంతోషించారు. ఇంజనీర్ల కోసం వెలుగు మీద ప్రత్యేక ప్రసంగం రాస్తున్నారు, మూడు భాగాలు. అందరూ కడుపునిండా తిని బస్సెక్కండి.