తొంభై ఏడో డిస్కు

తాండూరు,
జూన్ 4

ప్రియమైన చెల్లె నిరోషాకు,

ఫోన్లో చెప్తే సగం మర్చిపోతవని రాస్తున్న. ఇంట్లో ఉన్న డిస్కులన్నీ కంప్యూటర్లకు ఎక్కిస్తున్న. మీ బావ వీడియో స్టూడియో మూసినంక రెండు పెట్టెల నిండ మిగిలినయి. మేం కొన్న సినిమాలు, ఆయన తీసిన పెండ్లిండ్లు, పూజలు, చర్చి పండుగలు. అన్నిటికీ నేను ఎప్పుడో నంబర్లేసి నోటుబుక్కుల రాసిపెట్టిన. మొత్తం నూట అరవై మూడు. ఈ నాపరాయి దుమ్ముకు ఇప్పటికే పదింటికి రెండు తిరుగుతలేవు.

సాఫ్ట్‌వేర్లు రెండు చూసిన. ఒకటి డిస్కుల ఉన్న అసలు సినిమా ఒక్కటే తీసుకొని మిగిలింది వదిలేస్తది. తొందరగ అయితది, జాగ తక్కువ తింటది. రెండోది డిస్కును మొదటి నుంచి చివరి దాక ఉన్నదున్నట్టు ఎత్తుకుంటది. మీ బావ మొదటిదే మంచిదంటడు. "చెత్తంత ఎందుకు శాంతా, సినిమా ఉంటే సాలదా?" అంటడు. నాకు ఇంక తేలలే. తేలే దాక రెండిటితోని చేస్త, పక్కపక్కన పెట్టి చూస్త. నా సంగతి నీకు తెలుసు గద, తాళం వేసినంక కూడ రెండుసార్లు గుంజి చూసే మనిషిని.

నీ పెండ్లి డిస్కు పంపు. అది కూడ ఎక్కిస్త.

రెబెక్కకు ముద్దులతో,
నీ అక్క శాంతవ్వ


వికారాబాద్,
జూన్ 11

అక్కా,

డిస్కు ఈ కవర్లనే పెడుతున్న. జర పైలం. డేవిడ్ కదులుతూ కనిపించేది దాంట్లనే.

రెబెక్క హాస్టల్ నుంచి ఏడుసుకుంట వచ్చింది. ఒక పిల్ల "మీ నాయిన తాగి గుంతల పడి సచ్చిండట గద" అన్నదట. పదకొండేండ్లయినా ఆ మాట సావలేదక్కా. ఆయన సుక్క ముట్టంగ నేను సూడలే. కానీ ఆయన పనిచేసిన నాపరాళ్ల గని సేటు చెప్పిండు, హనుమంతు మేస్త్రీ చెప్పిండు, ఊరంత నమ్మింది. ఆయన పోయిన దినం బావ ఆ గనిలనే వీడియో తీసిండు గద. "నేను పొద్దుగాలనే వచ్చేసిన, నాకు తెల్వది" అన్నడు. ఆ తర్వాత మా గడప తొక్కలే.

"నాయిన గొంతు ఎట్లుంటదో మర్చిపోయినమ్మా" అంటున్నది రెబెక్క. పెండ్లి డిస్కుల ఆయన మాట ఏమన్న ఉన్నదేమో చూడు.

ఉంటానక్కా,
నీ నిరోషా


తాండూరు,
జూన్ 24

ప్రియమైన చెల్లెకు,

నీ పెండ్లి చూసిన. డేవిడ్ నవ్వుతున్నడు, మన అమ్మకు లడ్డు తినిపిస్తున్నడు. కానీ అంత పాటలే పెట్టిండు మీ బావ. గొంతు లేదు.

ఒక చిన్న హార్డ్ డిస్క్ పంపుతున్న. దాంట్ల నీ పెండ్లి, మా మొదటి వంద డిస్కులు ఉన్నయి. అన్నీ రెండో సాఫ్ట్‌వేర్‌తోని చేసినయే. ఒక కాపీ వేరే ఊర్ల ఉండాలని ఎక్కడనో చదివిన. ఇల్లు కాలినా అది మిగుల్తది. బీరువాల పెట్టు.

ఇంకొక ముచ్చట. తొంభై ఏడో డిస్కు మీద "కొత్త మిషిని పూజ" అని ఉంది. మొదటి సాఫ్ట్‌వేర్ నలభై ఒక్క నిమిషాల సినిమా తీసింది. రెండోది చేసిన కాపీ యాభై మూడు నిమిషాలకు సరిపోయేంత పెద్దగున్నది. పన్నెండు నిమిషాలు ఏమైనట్టు? మీ బావను అడిగిన. కలుపుకున్న అన్నం పక్కకు జరిపి లేచిపోయిండు.

ఆ మర్నాడు హనుమంతు వచ్చిండు. మా ఇంటికి ఎన్నడూ రానోడు. చాయ తాగి, పెట్టెలు చూసుకుంట, "వదినా, ఇంకెన్ని ఉన్నయి?" అన్నడు. అప్పటి సంది మీ బావ, ఎక్కించిన డిస్కులు ఎందుకని, పెరట్ల సుత్తెతోని కొడుతున్నడు. ఆ చప్పుడు వింటనే రాస్తున్న.

నీ అక్క
శాంతవ్వ


వికారాబాద్,
జూలై 1

అక్కా,

హార్డ్ డిస్క్ అందింది. కొత్త మిషిని పూజ ఎప్పుడయిందో నీ నోటుబుక్కుల తారీఖు చూసినవా? ఆ దినమే నా డేవిడ్ పోయింది.

నిన్న బావ వచ్చిండు. పదకొండేండ్లకు. నీళ్లు సుత ముట్టలే. "మీ అక్క ఆ హార్డ్ డిస్క్ తెమ్మన్నది" అన్నడు. బయట జీపుల ఎవరో కూర్చున్నరు, దిగలే. "అక్క రాసి పంపితే ఇస్త బావా" అన్న. నా మొహం చూడకుంట పోయిండు. ఆ జీపు సందు చివర శానసేపు ఆగింది.

నువ్వే పంపినవా అక్కా? ఫోన్ చేస్తే బావనే ఎత్తుతున్నడు. రెబెక్క దోస్తు మీ గల్లీలనే ఉంటది, ఈ ఉత్తరం ఆమె చేతికిచ్చి పంపుతున్న. జవాబు ఆమెకే ఇయ్యి.

నిరోషా


తాండూరు,
జూలై 2

చెల్లె,

నేను పంపలే. ఇయ్యకు.

ఈడ తొంభై ఏడో డిస్కు ముక్కలైంది. నేను మార్కెట్‌కు పోయొచ్చేసరికి కంప్యూటర్ల ఉన్న కాపీలు కూడ లేవు. నోటుబుక్కుల ఆ పేజీ సుత చింపిండు. ఇగ మిగిలింది నీ బీరువాల ఉన్నదే. నువ్వు, రెబెక్క తలుపేసుకొని తొంభై ఏడు చూడుండ్రి. నలభై ఒకటో నిమిషం కాడ ఆపకుండ్రి. ఏమున్నా నాకు దాచకు.

శాంతవ్వ


వికారాబాద్,
జూలై 4

అక్కా,

చూసినం.

పూజ అయిపోయినంక కెమెరా నడుస్తనే ఉన్నది. డేవిడ్ తెల్లంగీల ఉన్నడు. నిటారుగ నిలబడ్డడు, మాట తడబడలే. "కింద పగులు పడ్డది మేస్త్రీ, ఇయాల దిగద్దు" అన్నడు. హనుమంతు దిగుమని గులిగిండు. డేవిడ్ కదల్లే. నా మొగడు కదల్లేదక్కా, వద్దనే అన్నడు.

అప్పుడు కెమెరా యెనక నుంచి ఒక గొంతు వచ్చింది. "దిగు తమ్మీ, మిషిని పక్కన ఒక్క నిమిషం నిలబడు. మంచిగ వస్తది." డేవిడ్ నవ్విండు. "నువ్వు చెప్తే దిగుతనే అన్నా" అని దిగిండు. తర్వాత బండ కూలిన చప్పుడు, దుమ్ము. ఆ దుమ్ముల కూడ కెమెరా మస్తుసేపు నడిచింది. చివరికి హనుమంతు మాట ఒక్కటే వినిపించింది: "పాత గుంత కాడికి మొయ్యుండ్రి. సీసా తెండ్రి."

ఆ గొంతు బావది. చెరిపేసే గుండె లేక, చూపే గుండె లేక ఇన్నేండ్లు దాచుకున్నట్టున్నడు.

రెబెక్క నాలుగుసార్లు పెట్టుకొని విన్నది, "నువ్వు చెప్తే దిగుతనే అన్నా" అన్న కాడి దాక. వాళ్ల నాయిన గొంతు దొరికింది దానికి. నువ్వు చెప్పిన రెండో సాఫ్ట్‌వేర్‌తోనే మూడు కాపీలు చేసింది, మొదటి నుంచి చివరి దాక, ఏదీ వదలకుంట. ఒకటి పాస్టర్ దగ్గర, ఒకటి వకీలు దగ్గర. మూడోది పట్టుకొని రేపు పొద్దుగాల ఇద్దరం పోలీసు స్టేషన్‌కు పోతున్నం. సందు చివర జీపు మళ్ల వచ్చింది. రానీ.

నువ్వు మా దగ్గరికి వస్తనంటే రా. నీకు ఈడ చాప ఎప్పుడూ పరిచే ఉంటది. ఇది చదివేటప్పుడు బావ పక్కనే ఉంటే దాచకు. గట్టిగ చదువు.

నీ
నిరోషా