తోరణం మీది అక్షరాలు

6 నవంబరు 2023, సోమవారం

మా చర్చి గంటగోపురానికి పాతికేళ్లు. తొంభైయారు తుఫానుకి పాతది కూలాక కట్టింది. దాని కింద రాయి వేస్తారట, డిజైన్ చేసినవారి పేరుతో. ఆ పేరు మాణిక్యాలరావుదట. చెప్పినవాడు కమిటీ సెక్రటరీ శ్యామ్ బాబు, అంటే మాణిక్యాలరావు కొడుకు. పోయేదాకా నాన్నగారు గోపురం తనదేనని చెప్పేవారండీ, అన్నాడు. చెప్పేవాడు, నిజమే. నా ఎదుట మాత్రం ఒక్కసారీ చెప్పలేదు.

గీసింది నేను. అమలాపురం డ్రాయింగ్ ఆఫీసులో మాణిక్యాలరావు నా కింద పనిచేసేవాడు.

ఆధారం ఏదైనా ఉందాండీ పెదనాన్నగారూ, అన్నాడు. ఆయ్, ఉంది, అన్నాను.

9 నవంబరు

ఆధారం ఒక సీడీ. అందులో గోపురం .plt ఫైలు. అప్పట్లో మా డ్రాయింగులు కాగితం మీద గీసేది ప్లాటర్ అనే యంత్రం. పెన్ను ఎత్తు, ఫలానా చోటికి పో, పెన్ను దించు, గియ్యి. ఫైలు నిండా ఇవే ఆజ్ఞలు. ఇప్పుడు ప్లాటరూ లేదు, ఆఫీసూ లేదు. ఆ స్థలంలో రొయ్యల మేత కొట్టు.

నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే అంకెల మధ్య DRAWN BY SALOMON అని నా పేరు ఉంది. శ్యామ్ బాబుకి ఫోన్ చేశాను. అది ఎవరైనా టైపు చెయ్యొచ్చు కదండీ, అన్నాడు. మర్యాదలో తండ్రిని మించాడు. మాటకొక అండీ, అండీకొక పోటు.

సరే. బొమ్మే చూపిస్తాను.

14 నవంబరు

ఆ ఫైలుని తెరమీద బొమ్మగా చూపించే విండోస్ ప్రోగ్రాం నేనే రాస్తున్నాను. ఈ వయసులో రాయి మీద పేరు కావాలంటే సమాధి రాయి చాలదా అండీ, అంది సుందరమ్మ. పెళ్లైన దగ్గర్నుంచీ ఆవిడతో వాదించి గెలిచింది లేదు.

17 నవంబరు

ఈ ఫైళ్లు చదివి తెరమీద గీసే లైబ్రరీ, అంటే ఎవరో రాసిపెట్టిన కోడ్, నెట్‌లో దొరికింది. ట్రయల్ వెర్షన్. ఫారం మీద ఒక ప్యానెల్, నాలుగు లైన్ల కోడ్. ప్రోగ్రాం నడవడానికి F5 నొక్కాను.

గోపురం లేచింది. గంట దూలం, ఉప్పుగాలి ఇటు దూరి అటు పోవడానికి నేను ఎదురెదురుగా పెట్టిన కిటికీలు. ఇన్ని తుఫానుల్లో అది నిలబడింది వాటివల్లే.

నా పేరు లేదు. కుడి మూల గడి ఖాళీ. డాక్యుమెంటేషన్ చివర చిన్న అక్షరాల్లో ఉంది: గీతలు గీస్తుంది, అక్షరాలు రాయమనే ఆజ్ఞ LBని వదిలేస్తుంది. నా పేరు మింగినవాడు తన కంపెనీ పేరు మాత్రం గోపురానికి అడ్డంగా వేసుకున్నాడు. ట్రయల్ కదా.

పోనీ. కమిటీకి కళ్లుంటాయి.

19 నవంబరు, ఆదివారం

ఆరాధన అయ్యాక కమిటీ గదిలో లాప్‌టాప్ పెట్టాను. ఏదండీ మీ పేరు, అన్నారు సంఘ పెద్ద ఇమ్మానుయేలుగారు. లైబ్రరీ సంగతి చెప్పాను. పుస్తకాలు వాపసు ఇవ్వలేదేమోనండీ, అని వెనకనుంచి ఎవరో. నవ్వులు.

అంతలో శ్యామ్ బాబు, ఆ గుమ్మం మీది తోరణం దగ్గర పెద్దది చెయ్యండి, అన్నాడు. చేశాను. ప్రార్థన మందిరము అని తెలుగు అక్షరాలు.

ఆ ప్లాటర్‌కి తెలుగు రాదు. ఇంగ్లీషైతే టైపు చేస్తే రాసేది; తెలుగు అక్షరాన్ని గీత గీతగా గియ్యాలి. నావి కోడిగీతలని ఆ ఒక్క పనీ మాణిక్యాలరావుకి ఇచ్చాను. ఆ సంగతే గుర్తులేదు. టైపు చేసిన నా పేరు పోయింది, వాడు గీసిన అక్షరాలు మిగిలాయి. ముప్పై ఏళ్లు సండే స్కూల్ బోర్డు మీద వాక్యం రాసిన చెయ్యి అది. గదిలో ఉన్న ప్రతివాడూ ఆ చేతిరాత చూసే అక్షరాలు దిద్దాడు.

నాన్నగారి చెయ్యి, అన్నాడు శ్యామ్ బాబు. ఈసారి అండీ లేదు. కళ్లలో నీళ్లు. అవి దొంగనీళ్లైతే తిట్టేవాణ్ని.

ఇంకేం కావాలండీ, అన్నారు ఇమ్మానుయేలుగారు. అక్షరాలే వాడివి, గోపురం నాది, అన్నాను. అప్పటికే కుర్చీలు సర్దుతున్నారు.

3 డిసెంబరు, ఆదివారం

మాణిక్యాలరావు పేరుతో రాయి వేశారు. వెళ్లలేదు. సుందరమ్మ పలావు పొట్లం తెచ్చింది. తిన్నాను.

11 డిసెంబరు

లైబ్రరీ గీసిన బొమ్మ మీద అక్షరాలు వేసే LB కోడ్ నేనే రాసుకున్నాను. పేరు కనిపిస్తోంది, కాలవ నీళ్లలో నీడలా తలకిందులుగా. కోడ్‌లో ఒక్క మైనస్ గుర్తు పెడితే నిలబడుతుంది.

పెట్టలేదు.