సెల్లారులోకి వచ్చిన నీళ్లు

సుజాతా,

నువ్వు పోయి నేటికి ఏడాది. పొద్దున కాలేజీలో పిల్లలకు వ్యాసం రాయడం నేర్పుతుండగా మీ అమ్మాయి కీర్తి ఫోన్ చేసింది.

"ఆంటీ, మా సెల్లార్‌లో నీళ్లు ఊరుతున్నాయి. వాన కూడా లేదు."

క్లాసు వదిలేసి మదీనాగూడ వెళ్లాను. నువ్వు ముచ్చటపడి కొన్న ఆ అపార్ట్‌మెంటు చెరువును పూడ్చి కట్టిందేనని నేను వ్యాసం రాస్తే, "రాస్తే రాశావు గానీ నా కూతురికి చూపించకు, నిద్రపోదు" అన్నావు. ఇప్పుడు స్తంభాల మొదళ్లలో నీరు నల్లగా నిలిచి ఉంది. వాసన చెరువుదే.

అసోసియేషన్ ప్రెసిడెంటు నవ్వుతూ వచ్చాడు. "పైపు లీకేజీ మేడం. గింతదానికి పరేషాన్ ఎందుకు?"

నేను కీర్తి చంకలోని చంటిదాన్ని ఎత్తుకున్నాను. "బట్టలు సర్దుకోమ్మా, మా ఇంటికి పోదాం" అన్నాను కీర్తితో.

సాయంత్రం కొత్తగూడలో మా ఇంట్లో ఉండగా ఆ ప్రెసిడెంటే ఫోన్ చేశాడు.

"నీళ్లు మొత్తం పోయినయ్ మేడం. అమ్మాయిని పంపుండ్రి."

"మోటారు పెట్టి తోడించారా?"

"లేదు, వాటంతటవే కిందికి ఇంకిపోయినయ్."

కీర్తి బ్యాగు అందుకుంది. నేను దాన్ని తీసుకుని లోపల పెట్టేశాను. అంత నీరూ పునాదుల కింద ఏ మట్టిని కోసుకుంటూ పోయిందో ఎవరూ అడగడం లేదు, సుజాతా. పై అంతస్తుల్లో అందరూ ఇళ్లలోనే ఉన్నారు.

బయటికి రమ్మని చెబుదామని ఆయనకు మళ్లీ మళ్లీ ఫోన్ చేస్తున్నాను. రింగవుతోంది. ఎత్తడం లేదు.