మా అల్లుడికి పిల్లనివ్వనన్న మీకు

పెళ్లికూతురి అన్నగారికి, మేకుల కొట్టతని అత్తగారు చెప్పి రాయిస్తున్నది.

నాయనా, నాకు అక్షరం ముక్క రాదు. నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది. "పోయిన భార్య తల్లిని ఇంట్లోంచి పంపేస్తేనే మా చెల్లెల్నిస్తాం" అన్నారట. మా అల్లుడు ఈ సంబంధమే వద్దనేసి వచ్చి, ఆ మాట నా చెవిన పడకుండా, ఏమీ ఎరగనట్టు మేకులు తూస్తూ కూర్చున్నాడు. పక్క కొట్టాయన చెబితే తెలిసింది.

ఇలాంటివాణ్ని ఎక్కడ వెతుకుతారు? నా కూతురు పోయినప్పటినుంచీ కొట్టు తీయకముందే ఈ రాసే పిల్లకు జడ తనే వేస్తాడు. గేటుకు కట్టుతీగ మెలేసినట్టు బిగిస్తే దాని కనుబొమలు నెత్తికెక్కుతాయి. "నాన్నా, నేను గేటును కాదు!" అని అరుస్తుంది. అయినా నా చేతికి మాత్రం దువ్వెన ఇవ్వదు.

నేను గయ్యాళినే, కాదనను. కానీ ఈ సంబంధం కుదిర్చింది ఈ గయ్యాళే. మీ చెల్లెలు గొళ్లెం కొనడానికొచ్చి, బేరం దగ్గర నాకు మాటకు మాట అప్పజెప్పింది. ఈ ఇంటికి అలాంటి నోరే కావాలనుకున్నాను.

నన్ను పొమ్మనే మాటేదో ఆ అమ్మాయినే అనమనండి. అంటే ఆ పూటే మూట సర్దుకుంటాను. మీరంటే మాత్రం గడప దాటను. ఆమెను ఒకసారి ఇటు పంపండి. మీరు రానక్కర్లేదు.